లాకెట్ డబ్బాలో దానంతటదే ఎందుకు చిట్లింది?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. వయసు 36. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని, పదేళ్లుగా ఇంట్లో గ్లాస్ పెయింటింగ్ వేస్తున్నాను. అమెరికా నుంచి వచ్చిన మా వదిన మెడలో గాజు కరిగించి చేసిన లాకెట్ చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఆన్‌లైన్‌లో మైక్రోవేవ్ కిల్న్ (మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి గాజు కరిగించే చిన్న కొలిమి) తెప్పించి, విరిగిన చేతి గాజులూ కిటికీ అద్దం ముక్కలూ కలిపి ఏడు లాకెట్లు చేశాను. నాలుగు బయటికి తీస్తుండగానే చిట్లాయి. ఇంకొకటి బాగానే వచ్చింది కానీ వారం తర్వాత చూస్తే డబ్బాలో దానంతటదే రెండు ముక్కలై ఉంది. మిగిలినవి రెండు. అందులో ఒకటి మెడలో వేసుకుని స్కూలుకు వెళ్తున్నాను. వచ్చే నెల చిట్టీ డబ్బులు లక్షన్నర వస్తాయి, పెద్ద కిల్న్ కొనేద్దామా అనుకుంటున్నాను. మా ఆయన "గాజు పెంకులతోని నగలేంది" అంటున్నాడు, అత్తమ్మ "ఇంట్ల పలిగిన గాజుంటె అరిష్టం" అంటోంది. నాకు చెయ్యి తిరగదా? వయసు దాటిపోయిందా? కోర్సు ఏమైనా చేయాలా?

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

ముందు ఆ డబ్బాలో చిట్లిన లాకెట్ సంగతి చూద్దాం, ఎందుకంటే నీ ఉత్తరం మొత్తానికీ జవాబు దాంట్లోనే ఉంది. బయటికి తీస్తుంటే పగిలిన నాలుగింటికీ వేడి మీద గాలి తగిలిందని సర్దుకోవచ్చు. కానీ ఎవరూ ముట్టుకోకుండా, దూది మీద పడుకోబెట్టిన లాకెట్ వారం తర్వాత ఎందుకు చిట్లుతుంది? దిష్టీ కాదు, నీ చెయ్యీ కాదు. నువ్వు దాంట్లో ఒకదానితో ఒకటి పడని రెండు గాజుల్ని అతికించి, పైగా గబగబా చల్లార్చావు. పొయ్యిలోంచి వచ్చిన రోజు నుంచే ఆ రెండూ లోపల లాక్కుంటూ ఉన్నాయి, వారానికి తెగింది, అంతే.

గాజు వేడికి సాగుతుంది, చల్లారితే కుంచించుకుంటుంది, అది అందరికీ తెలిసిందే. ఎంత సాగుతుందన్నదే ఒక్కో గాజుకి ఒక్కోలా ఉంటుంది. ఈ పని చేసేవాళ్లు దాన్ని సీఓఈ అనే అంకెతో చెప్తారు. సీఓఈ 90 అంటే, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే ఆ గాజు తన పొడవులో కోటిలో 90 వంతులు పెరుగుతుందని. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ కంపెనీ గాజు 90, ఫ్యూజింగ్ కోసమే, అంటే కరిగించి అతికించడం కోసమే, చేసే ఇంకో రకం 96, పూసలు చేసే మెత్తని ఇటలీ గాజు 104, ల్యాబ్‌లో వాడే బోరోసిలికేట్ 33. మన కిటికీ అద్దం 80 దాటి 90 లోపు ఎక్కడో ఉంటుంది. నీ చేతి గాజుల అంకె ఎంతో వాటిని చేసిన కొలిమి వాళ్లకే తెలియాలి, డజనుకో కొలిమి సరుకు కలిసి వస్తుంది మన బజారుకి. 90కీ 104కీ మధ్య తేడా లెక్క కట్టి చూస్తే, అంగుళం లాకెట్‌లో అది వెంట్రుక మందంలో నాలుగో వంతు. ఆ మాత్రం తేడాకి కూడా గాజు ఊరుకోదు.

దీన్ని కళ్లతో చూడొచ్చు, ఖర్చు కూడా ఏమీ లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరువు. బైక్ మీద పెట్టుకునే పోలరైజ్డ్ కళ్లద్దాలు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని, ఒక అద్దాన్ని కంటి ముందు పెట్టి మెల్లగా తిప్పు. ఒకచోట స్క్రీన్ మొత్తం నల్లబడిపోతుంది. అక్కడ ఆపి, స్క్రీన్‌కీ కళ్లద్దానికీ మధ్య నీ లాకెట్ పట్టుకో. అంతా బాగుంటే లాకెట్ కూడా నల్లగానే ఉంటుంది. లోపల లాగుడు ఉంటే, చేతి గాజు ముక్క అంచు చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తుంది, చందమామ చుట్టూ గుడి కట్టినట్టు. ఆ గుడి ఎంత వెలుగుతుంటే గొడవ అంత పెద్దది. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు బల్ల మీదున్న పదకొండు ముక్కల్లో తొమ్మిది దీపాల్లా వెలిగాయి, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అందుకే ఒకే గాజు పట్టుకో. నా మాటల్లో ఇదొక్కటి విన్నా చాలు. ఒకే షీటు లోంచి కోసిన ముక్కలైతే ఈ గొడవే ఉండదు, ఎందుకంటే అది తనతో తాను కొట్లాడదు. ఫొటో ఫ్రేముల్లో వేసే 2 మిల్లీమీటర్ల అద్దం మొదలుపెట్టడానికి చాలా మంచిది. వరంగల్‌లో ఏ ఫ్రేముల కొట్టుకు వెళ్లినా అంచుల ముక్కలు ఓ మూల పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇచ్చేస్తారు, పారబోసే బాధ తప్పిందని. అవి మూడు పొరలు పెడితే 6 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ 6కో లెక్క ఉంది. పూర్తిగా కరిగిన గాజు తనంతట తాను ఆరేడు మిల్లీమీటర్ల మందం దగ్గర ఆగుతుంది, అంతకన్నా పల్చగా పెడితే ముడుచుకుని దగ్గరికి వస్తుంది, మందంగా పెడితే పక్కలకి పారుతుంది. నీ లాకెట్ల అంచులు వంకర పోయాయని రాయలేదు కానీ పోయే ఉంటాయి.

రంగు ఎలా అంటావేమో. నీ పదేళ్ల గ్లాస్ పెయింటింగ్ రంగులు, ఆ హాబీ షాపు సీసాలు, పొయ్యిలో పెడితే కాలి పొగై పోతాయి, వాటి జోలికి వెళ్లకు. గాజుపొడితోనే చేసిన ఎనామిల్ రంగులు వేరే ఉంటాయి, ఆ వేడికి నిలిచేవి. వాటిని సన్నటి జల్లెడతో అద్దం మీద చల్లి పైన ఇంకో అద్దం మూయాలి. షికాగోలో హిగిన్స్ దంపతులు, ఫ్రాన్సెస్, మైకేల్, 1948లో స్టూడియో పెట్టుకుని చేసిందీ ఇదే, మామూలు కిటికీ అద్దం మీద ఎనామిల్, పైన మళ్లీ అద్దం. వాళ్లు మొదలుపెట్టింది తాముండే అపార్ట్‌మెంట్‌లో. వాళ్ల పళ్లేలనూ గిన్నెలనూ ఇవాళ సేకరించేవాళ్లు వెతుక్కుని కొంటున్నారు. సన్నటి రాగి రేకు ముక్కలు మధ్యలో పెట్టినా బాగుంటుంది, గాలి ఎంత తగిలిందన్న దాన్నిబట్టి ఇటుక రంగు నుంచి నీలం, పచ్చ దాకా తిరుగుతుంది. వెండి రేకైతే పసుపు దిగుతుంది.

ఇక చల్లార్చడం. నువ్వు మైక్రోవేవ్ కిల్న్ మూత ఎప్పుడు తీశావో రాయలేదు కానీ నాకు తెలుసు, పది నిమిషాలకి తీసుంటావు. ఎవరైనా తీస్తారు, లోపల ఏమైందో అని చెయ్యి ఊరుకోదు. గాజు పైన ముందు గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగా మెత్తగా ఉంటుంది. తర్వాత లోపలిది చల్లారి కుంచించుకుందామంటే పైది అప్పటికే బిగుసుకుపోయింది, జరగదు. అందుకని ఒక వేడి దగ్గర ఆపి, లోపలా బయటా ఒక్కటయ్యేదాకా కూర్చోబెట్టి, అక్కడి నుంచి నెమ్మదిగా దించాలి. దీన్నే అనీలింగ్ అంటారు. బుల్స్‌ఐ గాజుకి అది 482 డిగ్రీలు, కిటికీ అద్దానికి ఇంకా పైన, 550 దగ్గర. 6 మిల్లీమీటర్ల చిన్న ముక్కల్ని నేను కిటికీ అద్దంతో చేసేటప్పుడు గంటకి 200 డిగ్రీల చొప్పున 650 దాకా వెళ్లి, పొరల మధ్య గాలి పోవడానికి అరగంట ఆగి, అక్కడి నుంచి గబగబా 820, 830 దాకా పోయి పది నిమిషాలు ఉంచుతా. తర్వాత 550కి దిగనిచ్చి ముప్పావుగంట ఆపుతా, ఆ తర్వాత గంటకి 80 చొప్పున 370 దాకా దించి ఆపేస్తా. అప్పటికీ తలుపు తీయను, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాలి. నీ పొయ్యికి పదో ఇరవయ్యో డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి, ప్రతి పొయ్యికీ ఒక తిక్క ఉంటుంది.

ఈ ఓపిక నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక గృహప్రవేశానికి దీపం కుందుల కింద పెట్టే చిన్న పళ్లేలు ఎనిమిది ఒప్పుకున్నాను. తెల్లారితే ముహూర్తం. రాత్రి పదకొండింటికి పొయ్యి మీటరు 260 డిగ్రీలు చూపిస్తోంది, చూద్దామని తలుపు రెండు వేళ్ల సందు తీశాను. ఏమీ కాలేదనుకుని నవ్వుకున్నా కూడా. మూసేసి రెండడుగులు వేశానో లేదో లోపలి నుంచి టిక్ అని వినబడింది. చిన్న శబ్దం, బల్లి అరిచినట్టు. కాసేపాగి ఇంకోటి. అలా అర్ధరాత్రి దాకా వంటింట్లో కూర్చుని అయిదు టిక్కులు లెక్కపెట్టాను. పొద్దున్న ఆ ఇంటివాళ్లకి మూడు పళ్లేలు, వాళ్లిచ్చిన అడ్వాన్సు తీసుకెళ్లి ఇచ్చాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి పోవాలంటే కొంచెం సిగ్గు.

మైక్రోవేవ్ కిల్న్‌లో ఇలా ఆపి, దించి చేయడం కుదరదు. అది చెడ్డ వస్తువని కాదు, గాజు కరగడం అంటే ఏంటో అయిదారు నిమిషాల్లో చూపిస్తుంది, పిల్లలకి టెలిస్కోప్ లాగ. అంగుళం దాటని ముక్కలు, అన్నీ ఒకే షీటువి, మూత ముట్టకుండా గంటైనా ఆగడం. ఇలా చేస్తే చాలావరకు నిలుస్తాయి. ఇంకోటి, ఆ మైక్రోవేవ్‌లో మళ్లీ పాలు కాచకు, అన్నం వేడి చేయకు, పాతదొకటి కొనుక్కుని దీనికే వదిలెయ్.

చిట్టీ డబ్బులు మొత్తం కిల్న్ మీద పెట్టొద్దు. గ్లాస్ కిల్న్ అని పేరు పెట్టి అమ్మే దిగుమతి సరుకు బాగానే ఉంటుంది కానీ మొదటి పొయ్యికి అంత అవసరం లేదు. కాలేజీ ల్యాబుల్లో ఉంటుంది చూడు మఫిల్ ఫర్నేస్, అది మన దేశంలోనే తయారవుతుంది, సైంటిఫిక్ ఎక్విప్‌మెంట్ అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది, వెయ్యి డిగ్రీల దాకా వెళ్తుంది. నాలుగంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు, తొమ్మిదంగుళాల లోతున్నది సాధారణంగా దొరికే సైజు, ఒక్కసారికి ఆరేడు లాకెట్లు పడతాయి. కొనేటప్పుడు ఒక్కటే పట్టుబట్టు, ర్యాంప్ (గంటకి ఎన్ని డిగ్రీలు ఎక్కాలి, దిగాలి), సోక్ (ఎక్కడ ఎంతసేపు ఆగాలి) ప్రోగ్రామ్ చేసుకోగలిగే పీఐడీ కంట్రోలర్, అంటే వేడిని అదుపు చేసే పెట్టె, కావాలని. మామూలు కంట్రోలర్ అంటగడతారు, అది ఎంత వేడికి పోవాలో తెలుసుకుంటుంది కానీ ఎంత నెమ్మదిగా దిగాలో తెలుసుకోదు, నీ పని అంతా దిగడంలోనే ఉంది. 15 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ముందే వేయించు. కరెంటు బిల్లు గురించి మీ ఆయన అడుగుతాడు, రెండు కిలోవాట్ల ఫర్నేస్ ఆపకుండా గంట వెలిగితే రెండు యూనిట్లు, కానీ వేడి అందుకున్నాక అది ఆగుతూ వెలుగుతూ ఉంటుంది, ఫ్రిజ్ లాగ. మధ్యలో కరెంటు పోతే కంగారుపడి తెరవకు, మూసి వదిలెయ్, తర్వాత మళ్లీ 550కి తీసుకెళ్లి మొదటి నుంచి దించొచ్చు, గాజు దానికేమీ అనుకోదు.

కిల్న్ వచ్చేలోగా చేయాల్సింది ఒకటుంది, కోయడం. మా నాన్నకి వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ఫొటో ఫ్రేముల కొట్టు ఉండేది, దేవుడి పటాలు ఎక్కువ. ఆయన కట్టర్ మొనని చిన్న సీసాలోని కిరోసిన్‌లో ముంచి, స్కేలు ఆనించి, అద్దం మీద ఒక్కసారే లాగేవాడు. మళ్లీ అదే గీత మీద రెండోసారి పోనివ్వడు, పోతే చక్రం పాడవుతుంది, గీత కూడా. సరిగా పడిన గీత చప్పుడు సన్నగా, ఒకే రకంగా వస్తుంది, కొత్త నోట్లు లెక్కపెడుతున్నట్టు. కరకర అంటే బలం ఎక్కువైంది, అసలు వినపడకపోతే తక్కువైంది. తర్వాత గీతకి అటొకటి ఇటొకటి బొటనవేళ్లు అద్దం పైన, చూపుడు వేళ్లు కింద పెట్టి, పుల్ల విరిచినట్టు విరవడమే. నేను చూసి నేర్చుకోవడానికి రెండు వేసవి సెలవులు పట్టింది. నువ్వు రోజూ స్కూలు నుంచి వచ్చాక అరగంట కొయ్, కళ్లకి అద్దాలు పెట్టుకుని, నెల తిరిగేసరికి ఆరు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ సాఫీగా కోయగలగాలి.

ఆరు మిల్లీమీటర్లే ఎందుకంటే, నువ్వు ఏం బొమ్మలు వేయాలో కూడా చెప్పాలని ఉంది, అడక్కపోయినా. దయచేసి కళాతోరణం వేయకు. కీచైన్ల మీద, బస్సుల మీద, మిఠాయి డబ్బాల మీద చాలినంత ఉంది. కొత్తవాడ వెళ్లి జంపఖానాలు నేసేవాళ్ల మగ్గం దగ్గర ఓ గంట నిలబడు, వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అడ్డంగా పట్టీలు, మధ్యలో మెట్లు మెట్లుగా తిరిగే రంగు. సన్నటి గాజు పట్టీల్ని అంచు మీద నిలబెట్టి, పక్కపక్కన పేర్చి కరిగిస్తే సరిగ్గా అలాంటి గీతలే వస్తాయి. డ్రాయింగ్ టీచర్‌వి, రంగు పక్కన రంగు ఎలా పడుతుందో నీకు వేరే చెప్పాలా, కోయడం వస్తే నువ్వు మాలాంటి వాళ్లని ఏడాదిలో దాటిపోతావు.

తాడు దూర్చే రంధ్రం కోసం డ్రిల్లు కొనకు. రెండు పొరల మధ్య సన్నటి సిరామిక్ ఫైబర్ పేపర్ పట్టీ ఒకటి పెట్టి కాల్చు, చల్లారాక నీళ్లలో నానబెట్టి గోకితే వచ్చేస్తుంది, దాని చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ పేపర్ తీసేటప్పుడూ, అంచులు అరగదీసేటప్పుడూ మాస్క్ వేసుకో, అరగదీతంతా నీళ్లలోనే, పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడువు. గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ రాదు. కాల్చే ముందు ముక్కల్ని కడిగి, స్పిరిట్‌తో తుడిచి, వేలిముద్ర పడకుండా పెట్టు, లేకపోతే పైన పాలు విరిగినట్టు తెల్లటి పొర వస్తుంది, కిటికీ అద్దానికి ఆ రోగం ఎక్కువ.

బిగింపు విషయంలో మనం అదృష్టవంతులం. కరీంనగర్‌లో వెండి తీగతో ఫిలిగ్రీ చేసేవాళ్లున్నారు, జీఐ గుర్తింపు ఉన్న పని. వెంట్రుక లాంటి తీగని మెలిపెట్టి చేసే ఆ చట్రంలో నీ గాజు బిళ్ల కూర్చుంటే దాని వెనక నుంచి వెలుగు వస్తుంది, బంగారంలో బిగిస్తే రాదు. అంత ఖర్చు వద్దనుకుంటే పెంబర్తి దగ్గరే ఉంది, ఇత్తడి రేకు పనిలో వాళ్లకి వాళ్లే సాటి. పట్టుకెళ్లేటప్పుడు పది బిళ్లలు ఒకే కొలతవి తీసుకెళ్లు, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటే ఎంత మంచి పనివాడైనా విసుక్కుంటాడు.

కోర్సంటావా, పూసలు చేసే పని మీద మోజుంటే ఫిరోజాబాద్ వైపు, లేదా మన తెలుగువాళ్లే కావాలంటే తిరుపతి వైపు పాపానాయుడుపేట వెళ్లి చూడు. అక్కడ గాజుని పొడవాటి గొట్టంలా లాగి పూసలు కోసే పద్ధతి తరాలుగా వస్తోంది. కానీ నీది కరిగించి అతికించే పని, దానికి కావల్సింది నోట్‌బుక్. ప్రతి కాల్పుకీ తేదీ, ఏ షీటు, ఎన్ని పొరలు, ఎంత వేడి, ఎంతసేపు, ఏమైంది రాసుకో, చిట్లిన ముక్కని కూడా ఆ పేజీకి టేప్‌తో అతికించు. యాభై పేజీలు నిండాక హైదరాబాద్‌లో ఏదైనా వర్క్‌షాప్‌కి వెళ్లు, అప్పుడు నీకు అడగడానికి ప్రశ్నలుంటాయి. ఇప్పుడు వెళ్తే వాళ్లు చేయించిన కోస్టర్ ఒకటి ఇంటికి తెచ్చుకుంటావు.

వయసు మాటకొస్తే, ఫ్రాన్స్‌లో రెనే లాలిక్ 1860లో పుట్టాడు, పేరున్న నగల పనివాడు, యాభై దాటాకే పూర్తిగా గాజులోకి దిగాడు. నీకింకా పద్నాలుగేళ్లుంది.

మీ ఆయనతో గొడవ పెట్టుకోకు. మన భాషలో గాజు అన్న ఒక్క మాటకే ఆ పదార్థమూ, చేతికి వేసుకునే నగా రెండూ అర్థాలు కదా, గాజు నగ కాదంటే ఎలా అని అడుగు. మేడారం వెళ్లి బెల్లాన్ని బంగారమని తల మీద మోసే వాళ్లం మనం. అత్తమ్మ మాట మాత్రం కొట్టిపారేయకు, ఆమె అరిష్టం అంటోంది, నేను ఇన్ఫెక్షన్ అంటాను, వంటింట్లో చెప్పుల్లేకుండా తిరిగే ఇంట్లో గాజు ముక్కలు ఉండకూడదన్నది ఇద్దరం ఒప్పుకునేదే. మేడ మీదో, వెనక షెడ్డులోనో ఒక బల్ల, మూతున్న రేకు డబ్బా ఒకటి ముక్కలకి, ఆమెని పిలిచి చూపించు. మా అమ్మ పగిలింది అననిచ్చేది కాదు, చిట్లింది అనమనేది, ఆ మాట వాడినా సగం గొడవ తగ్గుతుంది.

అమ్మకం గురించి ఇప్పుడేమీ రాయను, బతుకమ్మకి ఇంకా టైముంది.

మెడలో వేసుకున్న ఆ లాకెట్ మాత్రం ఇవాళే తీసెయ్. దాంట్లోనూ చేతి గాజు ముక్క ఉంది కదా, ల్యాప్‌టాప్ ముందు పెట్టి చూడు, అంచు చుట్టూ వెలుగు కనపడితే అది కూడా ఏదో రోజు చిట్లుతుంది, క్లాసులో పిల్లల మధ్య నిలబడి ఉన్నప్పుడు చిట్లితే మెడ కోసుకుంటుంది. వెలగకపోతే నాకు రాయి, ఆ గాజులు ఏ కొట్టులో కొన్నావో కూడా చెప్పు, నేనూ ఓ డజను తెచ్చుకుంటా.